అమ్ములో బరువు ఎక్కడ ఉండాలి?

ఆండిపట్టి ప్రాంతపు తెలుగువారి చరిత్ర రాయబూనిన వారు సాధారణంగా పాళెగాళ్ళతో మొదలుపెట్టి పాళెగాళ్ళతోనే ముగిస్తారు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు రావడం, దళవాయి అరియనాథ ముదలియారు తోడ్పాటుతో 72 పాళయాలు ఏర్పడడం, మధుర కోట బురుజులను ఒక్కొక్క పాళెగాడికి అప్పగించడం, ఇవన్నీ మనకు కంఠస్థమే. ఎవరు ఎవరికి కప్పం కట్టారో, ఎవరు ఎవరి మీద కత్తి దూశారో తెలుసు. కాని ఆ పాళయాల్లోని మామూలు మనిషి చేతికి ఏమేమి పనులు వచ్చునో, ఆ పనుల్లో ఎంత తెలివి ఉండేదో అడిగితే మన దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసంలో అలాంటి పని ఒక్కటే తీసుకుంటాను. వేటకు వెళ్ళేవాడు అమ్మును ఎలా ఎంచుకోవాలి? అది ఎంత బరువుండాలి? ఆ బరువు ఎక్కడ ఉండాలి?

ఈ ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. ఆండిపట్టికి దక్షిణాన వరుసనాడు కొండలు, మేఘమలై. వైగై పుట్టింది ఆ కొండల్లోనే. గండమనాయకనూరు, బోడినాయకనూరు, ఎరసక్కనాయకనూరు వంటి ఊళ్ళ పేర్లే ఇక్కడ స్థిరపడిన నాయకుల సంగతి చెబుతాయి. రాజకంబళం వారు, కమ్మవారు, చెట్లు, అరుంధతీయులు, ఇంకా ఎందరో తెలుగు మాట్లాడేవారు ఈ కొండల నీడలో కాపురాలు పెట్టారు. చేను దాటితే అడవి. అడవిలో కడతి, అడవిపంది, అడవిదున్న, ఏనుగు, పులి. పంట కాపాడుకోవాలన్నా, పశువును కాపాడుకోవాలన్నా ఆయుధం తెలియక తప్పదు.

ఆ కొండలకు అవతలి వైపు తూర్పు పాదంలో శ్రీవిల్లిపుత్తూరు. ఆ ఊరి స్థలపురాణం వేట కథే. మల్లి అనే రాణి కొడుకులు విల్లి, కండన్ వేటకు వెళ్ళారట. కండన్ పులివాత పడ్డాడు. తర్వాత విల్లికి కలలో స్వామి కనిపించి గుడి కట్టమన్నాడు. అందుకే విల్లి పేరు మీద పుత్తూరు. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదకు కథాస్థలంగా ఎంచుకున్నది ఈ ఊరినే. తెలుగు సాహిత్యంలో మకుటం లాంటి కావ్యం పుట్టింది ఒక వేటగాడి పేరున్న తమిళ ఊరి కథతో అని మనం తరచు మరచిపోతుంటాం.

మాటలు చూసినా అంతే. మనం విల్లు, అమ్ము అంటే వారు విల్, అంబు అంటారు. రెండు భాషలూ విడిపోకముందు నుంచీ ఉన్న మాటలివి. తిన్నడి కథ కూడా ఇద్దరిదీ. పన్నెండవ శతాబ్దంలో శేక్కిళారు పెరియపురాణంలో పొత్తపి నాటి ఆ వేటకుర్రవాడు విల్లు పట్టడం నేర్చుకున్న వేడుకను చెప్పాడు. పదహారవ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో అదే తిన్నణ్ణి తెలుగువాళ్ళ ఇంటి పిల్లవాణ్ణి చేశాడు. కవులు విల్లును వర్ణించారు, గురిని వర్ణించారు. అమ్ము బరువును గురించి వారికి చెప్పవలసిన అవసరం కలగలేదు. అది వేటగాడి చేతిలో ఉన్న విద్య.

ఆ విద్య ఏమిటో లెక్క వేసి చూద్దాం. ఒక విల్లు ఒక మనిషి లాగినంత శక్తినే అమ్ముకు ఇస్తుంది. అమ్ము తేలికైతే వేగంగా పోతుంది, బరువైతే నెమ్మదిగా పోతుంది. ఉదాహరణకు 25 గ్రాముల అమ్ము, అంటే రెండు తులాల పైచిలుకు, సెకనుకు 50 మీటర్ల వేగంతో విల్లు విడిచిందనుకుందాం. అదే శక్తితో 39 గ్రాముల అమ్ము, అంటే మూడు తులాల పైచిలుకు, సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతుంది. 15 మీటర్ల దూరంలోని జంతువును చేరేసరికి తేలిక అమ్ము 44 సెంటీమీటర్లు కిందికి జారితే, బరువు అమ్ము 69 సెంటీమీటర్లు జారుతుంది. తేడా సుమారు ఒక జేన. అలవాటైన చెయ్యి ఆ జేనను సర్దుకుంటుంది. అదే 30 మీటర్లయితే తేడా ఒక మీటరు. దూరం రెట్టింపైతే తేడా నాలుగింతలవుతుందన్న మాట. దూరాన్ని కొంచెం తప్పుగా అంచనా వేసినా బరువు అమ్ము గురి తప్పుతుంది.

మరి తేలిక అమ్మే మేలు కదా అంటే, కాదు. జంతువును తాకిన తర్వాత లోపలికి దూసుకుపోయే ఊపు బరువు అమ్ముకే ఎక్కువ. పైన చెప్పిన లెక్కలోనే బరువు అమ్ము ఊపు తేలిక అమ్ము ఊపు కన్నా పాతిక శాతం అధికం. గాలి రాపిడికి వేగం కోల్పోవడం కూడా బరువు అమ్ముకు తక్కువ. పైగా మరీ తేలిక అమ్మును వేస్తే విల్లు తన శక్తినంతా దానికి ఇవ్వలేదు. మిగిలినది విల్లులోనే అదిరి చేతికి తగులుతుంది, చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు జింక బెదురుతుంది. కనుక పొదల మాటున దగ్గరగా పొంచి కొట్టే పందికి బరువు అమ్ము, బయలులో దూరాన నిలిచిన జంతువుకు అంతకన్నా తేలికది. కుందేలుకూ కౌజుపిట్టకూ పంది అమ్ము వేసేవాణ్ణి చూసి నవ్వుతారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్న మాట మనకు ఊరికే రాలేదు.

మొత్తం బరువు ఎంతో తేలిన తర్వాత అది ఎక్కడ ఉండాలన్నది రెండవ ప్రశ్న. అసలు మెలకువ ఇక్కడే ఉంది. అమ్మును ఒక వేలిమీద అడ్డంగా నిలబెట్టి చూడండి. సరిగ్గా నడిమధ్య నిలిస్తే అది వేటకు అంతగా పనికిరాదు. ములికి వైపుకు జరిగి నిలవాలి. ఇప్పటి వేటగాళ్ళు అమ్ము పొడవులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందుకు జరిగి ఉంటే మంచిదంటారు. 30 అంగుళాల అమ్ముకు నడిమి నుంచి మూడు, నాలుగు అంగుళాలన్న మాట. కారణం సులభం. ముందున్న బరువు ముందుకు లాగుతుంది. వెనుక ఈకలు గాలికి అడ్డుపడి తోకను వెనక్కి పట్టి ఉంచుతాయి. రెండూ కలిసి అమ్మును నిటారుగా నడిపిస్తాయి. గాలిపటానికి తోక చేసే పని లాంటిదే ఇది. బరువు వెనుక ఉంటే ఈకలు దానిని చక్కదిద్దలేక అమ్ము అడ్డం తిరుగుతుంది.

అలాగని ములికిని ఇష్టమొచ్చినంత బరువుగా చెయ్యకూడదు. నారి విడిచిన క్షణంలో అమ్ము కొంచెం వంగి, పాములా అటూ ఇటూ ఊగి, తర్వాత నిలకడ పడుతుంది. ములికి బరువెక్కిన కొద్దీ ఆ వంపు ఎక్కువవుతుంది. సన్నని రెల్లుకు పెద్ద ఇనుప ములికి తొడిగితే ఊగిసలాట ఆగదు. దానికి బిగువైన వెదురు కావాలి. బిగువైన వెదురుకు బలమైన విల్లు కావాలి. బలమైన విల్లుకు బలమైన భుజం కావాలి. ఒకటి మారితే అన్నీ మారతాయి. అందుచేత ఒకరి విల్లుకు చేసిన అమ్ము ఇంకొకరి విల్లుకు సరిపోదు. కమ్మరి ములికి కొట్టేటప్పుడు ఆ అమ్ము ఎవరిదో తెలిసి కొట్టాలి.

ఈ సంగతులు గ్రంథస్థం కాలేదని కాదు. ధనుర్వేద గ్రంథాల్లోనూ, 1363లో శార్ఙ్గధరుడు కూర్చిన పద్ధతిలోనూ బాణాలు మూడు రకాలని చెప్పారు. ముందు లావైనది స్త్రీ బాణం, వెనుక లావైనది పురుష బాణం, అంతటా సమంగా ఉన్నది నపుంసక బాణం. మొదటిది దూరం పోతుందనీ, రెండవది గట్టివాటిని భేదిస్తుందనీ, మూడవది గురి నేర్చుకోవడానికి తగినదనీ వాటి సారాంశం. చిటికెనవేలి లావు ఉండాలనీ, నాలుగేసి ఈకలు కట్టాలనీ కూడా చెప్పారు. బరువు ఎక్కడ ఉందో దానిని బట్టి అమ్ము గుణం మారుతుందని ఆరువందల ఏళ్ళ కిందటే స్పష్టంగా తెలుసునన్న మాట.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెనుక లావైన బాణమే గట్టిగా దిగుతుందన్న మాటను నేటి వేటగాళ్ళు ఒప్పుకోరు. ముందు బరువున్నదే ఎముకను దాటి లోపలికి పోతుందని వారి అనుభవం. ఇందులో శాస్త్రాన్ని నిందించవలసిన పని లేదు. శ్లోకం ఒకసారి కట్టిన తర్వాత మారదు. చేతివిద్య తప్పు చేసిన ప్రతిసారీ దిద్దుకుంటుంది. మనకు శ్లోకం మిగిలింది, దిద్దుకున్న చెయ్యి మిగలలేదు.

ఆ చెయ్యి ఒకప్పుడు ఎంత నేర్పుగలదో చెప్పే సాక్ష్యం ఈ సీమలోనే ఉంది. అది అమ్ము కాదు, వళరి. మరవలూ కళ్ళరులూ వాడిన వంపు కర్ర. చేవగల కర్రతో, ఒక్కొక్కప్పుడు ఇనుముతో, నెలవంకలా చేసేవారు. దాని ఒక కొన బరువు, రెండో కొన తేలిక. తేలిక కొనను పట్టుకుని భుజం మీదుగా నాలుగు తిప్పులు తిప్పి విసిరేవారు. అమ్ములో ఉన్న సూత్రమే ఇక్కడా. కంపెనీ సైన్యంలోని జేమ్స్ వెల్ష్ అనే దొర ఈటె విసరడమూ, వళరి విసరడమూ శివగంగ చిన్న మరుదు దగ్గరే నేర్చుకున్నానని 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1801లో అదే మరుదు మీద జరిగిన యుద్ధంలో ఆయన కంపెనీ పక్షాన ఉన్నాడు. ఆ ఏడు అక్టోబరు 24న తిరుప్పత్తూరులో మరుదు సోదరులను ఉరితీశారు. అంతకు రెండేళ్ళ ముందు, 1799 అక్టోబరు 16న, కయత్తారులో మన కట్టబొమ్మును ఉరితీశారు. గురువు ఉరికంబమెక్కాడు. అతని విద్యకు రాతలో మిగిలిన సాక్షి శత్రుపక్షపు శిష్యుడు.

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ దక్షిణ పాళయాల ప్రజలు ఆయుధాలు ధరించరాదని ప్రకటించాడు. కోటలు పడగొట్టారు. మిగిలిన పాళెగాళ్ళు జమీందారులయ్యారు. విల్లు అప్పటికే తుపాకి ముందు వెనకబడింది. వేటలో మిగిలిన కొంత చోటు కూడా 1882 మద్రాసు అడవుల చట్టంతో తగ్గింది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 2021లో మేఘమలై, శ్రీవిల్లిపుత్తూరు అడవులు కలిపి పులుల అభయారణ్యమయ్యాయి. కండన్‌ను చంపిన పులికి ఇప్పుడు ప్రభుత్వమే కాపలా. అది మంచిదే. మిగిలిన నాలుగు జంతువులనైనా బతకనివ్వాలి. వేట తిరిగి రావాలని నేను కోరడం లేదు.

వేట పోయినంత మాత్రాన విద్య జ్ఞాపకం పోనక్కరలేదని మాత్రం అంటున్నాను. నల్లమలలో చెంచులకు అమ్ములతో సంబంధం ఇంకా తెగలేదు. వారి జీవితాన్ని గురించి ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో పెద్ద గ్రంథమే ప్రకటించాడు. అహోబిలంలో సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేట ఉత్సవంలో చెంచులు స్వామి పల్లకి వైపు బాణం వేసే ఆచారం ఉంది. చంపే పని పోయినా ఆ చేతికి పండుగలో ఒక చోటు దొరికింది.

మనకు మిగిలినది మాటే. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకునే మనలాంటి వాళ్ళకు పనితో పాటు పనిమాటలే ముందు పోతాయి. అమ్మ, అన్నం, నీళ్ళు అనే మాటలు ఇంకో వంద ఏళ్ళయినా ఉంటాయి. ములికి, నారి, పొది, గురి అనేవి ఉండవు. వాటి వెనక ఉన్న తెలివి కూడా ఉండదు. ములికి అన్న మాట తెలియని పిల్లవాడికి అమ్ము ముందు కొన ఎందుకు బరువుగా ఉండాలో చెప్పాలంటే మూడు వాక్యాలు కావాలి. మాట తెలిసినవాడికి వేలి మీద నిలబెట్టి చూపిస్తే చాలు.

కాబట్టి పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంట్లో డెబ్భై దాటిన వారు ఉంటే అమ్ము కొనను ఏమంటారో, తోకను ఏమంటారో, నారి తగిలించే గాడిని ఏమంటారో అడగండి. ఉండేలు, వడిసెల, ఈటె వీటి భాగాల పేర్లూ అడగండి. వారు ఏ యాసలో చెబితే ఆ యాసలోనే, తమిళ లిపిలోనైనా సరే, రాసి పెట్టండి. రాజుల వంశావళులు ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈ పేర్లు మనం రాయకపోతే ఎవరూ రాయరు.