గడీలో ఆడబాప

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో గడీ అనగానే దోమకొండ గుర్తొస్తుంది. దొరల వంశావళి చెప్పేవాళ్లుంటారు. లోపల చాకిరీ చేసిన ఆడబాపల పేర్లు అడిగేవాళ్లేరీ?

బి. నర్సింగరావు తొలి సినిమాలను ఈ ప్రశ్నతోనే చూడాలి. ఆయన నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన 'మా భూమి' కథ రామయ్యది. దొరకు లొంగక తప్పని చంద్రి అతని ఆగ్రహానికి ఒక కారణం మాత్రమే. 1983లో 'రంగుల కల'తో ఆయన దర్శకుడయ్యారు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో సాయుధ పోరాట స్త్రీల గొంతులు వినిపించింది. 1988 నాటి 'దాసి'లో కెమెరా గడీ లోపలే నిలబడింది. కమలాక్షికి తన కడుపు మీద కూడా హక్కు లేదు. ఆమె తిరగబడదు. తిరగబడ్డవాళ్లదే చరిత్ర అయితే, కమలాక్షిని ఏ పుటలో వెతకాలి?