ఎట్ ఫిల్మోర్ ఈస్ట్

అమెరికన్ రాక్ బృందం ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ కచేరీ ఆల్బమ్. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ థియేటర్‌లో రికార్డయి, అదే ఏడాది జూలైలో రెండు ఎల్పీలుగా వెలువడింది. నిర్మాత టామ్ డౌడ్.

సంగీతం: డ్వేన్ ఆల్మన్, డికీ బెట్స్ గిటార్లు వాయించారు. గ్రెగ్ ఆల్మన్ పాడుతూ ఆర్గన్ వాయించాడు. బేస్ గిటార్ బెరీ ఓక్లీది. డ్రమ్స్ బుచ్ ట్రక్స్, జై జొహానీ జొహాన్సన్‌లవి. మొత్తం ఏడు అంశాలు. వీటిలో 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' గానం లేని వాద్యకృతి. 1969 నాటి స్టూడియో రికార్డులో ఐదు నిమిషాలున్న 'విప్పింగ్ పోస్ట్' ఇక్కడ దాదాపు 23 నిమిషాలకు విస్తరించి, ఎల్పీలో ఒక పక్కంతా ఆక్రమించింది.

ఆదరణ: ఈ ఆల్బమ్ నేటికీ పాతబడకపోవడానికి మూలం అందులోని మనోధర్మం. బ్లూస్ బాణీలను జాజ్ కళాకారుల స్వేచ్ఛతో పెంచుతూ పోయినా పాట పట్టు సడలదు. రెండు గిటార్లు ఒకసారి జంటగా సాగుతాయి, మరోసారి ఒకదానికొకటి బదులిస్తాయి. ఒకరు వాయిస్తుంటే మిగతావారు ఎంత శ్రద్ధగా వింటున్నారో శ్రోతకు స్పష్టంగా తెలుస్తుంది. ఎన్నిసార్లు విన్నా కొత్త సంభాషణ ఒకటి చెవిన పడుతుంది.

తదనంతరం: 1971 అక్టోబర్ 29న డ్వేన్ 24 ఏళ్ల వయసులో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మరణించాడు. అతని స్లయిడ్ గిటార్ ప్రతిభకు ఈ ఆల్బమే అత్యున్నత సాక్ష్యం. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.