మోటుపల్లి శాసనం: పండితుల చరిత్ర, పాఠకుల చరిత్ర

బాపట్లకు నైరుతి దిశలో సముద్రతీరాన ఉన్న మోటుపల్లి ఈనాడొక చిన్న గ్రామం. కాకతీయుల కాలంలో అది దేశాంతరాల్లో పేరుమోసిన రేవు. అక్కడి వీరభద్రాలయం వద్ద గల స్తంభంపై గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారనీ, ఇకమీదట ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేదీ తీసుకోబోమనీ ఆయన సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు ఆ సుంకాల పట్టికలో కనిపిస్తాయి.

ఈ శాసనాన్ని హుల్ట్జ్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండవ సంపుటంలో ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. కాని ఆ సంపుటాలు చేరేది విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకే. ఇంగ్లీషు రాని తీరవాసికి తన ఊరి శాసనమే అందని వస్తువైంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన ‘భారతి’ మాసపత్రిక ఈ లోటును చాలవరకు తీర్చింది. కథలూ పద్యాలూ చదవడానికి పత్రిక తెరిచిన పాఠకుడికి అదే సంచికలో శాసనచర్చ ఎదురయ్యేది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఆ పుటలలో తెలుగులో వ్రాసేవారు; రెడ్డిరాజ్యాలపై ఆంగ్లంలో బృహద్గ్రంథం వెలువరించిందీ వారే. ఇద్దరు పాఠకులకు రెండు భాషలేగాని రెండు చరిత్రలు లేవు.

ఇది చిన్న విషయం కాదు. మార్కోపోలో ‘ముత్ఫిలి’ రాజ్యాన్ని వర్ణిస్తూ అక్కడి రాణిని మృతుడైన రాజు భార్యగా చెప్పాడు. సన్నని వస్త్రాలను మెచ్చుకున్న ఆ యాత్రికుని మాట చదవడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె అని శాసనాలు చెబుతున్నాయి. యాత్రాకథనంతోనే తృప్తిపడినవాడు తప్పు నేర్చుకుంటాడు. అలాగే పట్టికలో పన్నీరు కనబడగానే మోటుపల్లి రేవును అరబ్బు ఓడలతో నింపివేయడమూ తొందరపాటే. ముస్లిం వర్తకులు తూర్పు సముద్రంలో తిరిగారనడం వేరు, ఈ స్తంభమే దానికి సాక్ష్యమనడం వేరు. అభయం ఇచ్చినది సముద్రవర్తకులందరికీ. వారి మతాన్ని శాసనం అడగలేదు.

కాకతీయుల తర్వాత 1358లో కొండవీటి అనవోతారెడ్డి ఇదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. వచ్చేవారు చదువుకొనేందుకు కాబోలు, దానిని తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించాడు.