గాంగూజ్లర్

ఇంగ్లండులో కాలువ గట్టున నిలబడి, వచ్చేపోయే పడవలను తీరుబడిగా చూసేవారిని అక్కడ 'గాంగూజ్లర్' అంటారు. కాలువ మీద బతికేవాళ్ల ఈ మాటను 1904లో హెన్రీ డి సాలిస్ తన జలమార్గాల గ్రంథంలోని పదకోశంలో చేర్చాడు. 1944లో ఎల్.టి.సి. రోల్ట్ రాసిన 'నారో బోట్' పుస్తకం దాన్ని మరింతమందికి చేర్చింది. ఈ మాట లింకన్‌షైర్ మాండలికంలో తేరిపార చూడటాన్ని చెప్పే రెండు మాటల కలయిక కావచ్చంటారు.

పనిలేని చూపరులకు పెట్టిన పేరే. అయినా, రిటైరయ్యాక నారోబోట్ అనే సన్నటి పడవలో కాలువలు తిరగాలనుకునేవారికి ఇలా గట్టున నిలబడి చూడటమే మొదటి బడి అని నా నమ్మకం. ఉదాహరణకు, చుక్కాని కర్రను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. లాకులో (మన గోదావరి కాలువల లాకుల్లాంటిదే) నీరు దించేటప్పుడు ఎగువ తలుపుల కింది మెట్టు మీద పడవ వెనుకభాగం చిక్కుకుంటే, ముందుభాగం నీటితోపాటు దిగిపోతుంది; పడవ మునిగిపోవచ్చు. అనుభవజ్ఞులు పడవను ఆ మెట్టుకు దూరంగా ముందుకు జరిపి ఎలా నిలుపుతారో గట్టు మీది నుంచే చూడవచ్చు.

ఆ తర్వాత వారం రోజులు అద్దె పడవ నడపండి, వీలైతే చలిగాలుల్లో కూడా. ఇల్లు అమ్మి పడవ కొనే ఆలోచన అప్పుడు చేయండి.