లేదని చెప్పాలంటే మొత్తం చదవాలి: 1988 నాటి మోరిస్ వార్మ్

మాల్‌వేర్ రివర్స్ ఇంజినీరింగ్ అంటే వైరస్‌లను తీసేయడమే కదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. తీసేయడం వేరే పని. మా పని చదవడం. రాసినవాడి దగ్గర ఉండే అసలు ప్రోగ్రాం మాకు దొరకదు, మెషిన్‌కి మాత్రమే అర్థమయ్యే అంకెలే దొరుకుతాయి. వాటి నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, ఇది ఏం చేస్తుందో చెప్పాలి. ఈ చదువు ఎంత అవసరమో తెలియాలంటే 1988 నవంబర్‌కి వెళ్ళాలి.

అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవి సుమారు 60 వేల కంప్యూటర్లు. నవంబర్ 2 సాయంత్రం నుంచి అమెరికా యూనివర్సిటీల్లో వ్యాక్స్, సన్ మెషిన్లు నత్తనడక పట్టాయి. లోపల చూస్తే యూనిక్స్‌లో మామూలుగా ఉండే షెల్ పేరుతోనే కుప్పలు కుప్పలుగా ప్రోగ్రాంలు నడుస్తున్నాయి. ఆపితే మళ్ళీ వచ్చేవి. 6,000 మెషిన్లకు సోకిందని ఇప్పటికీ రాస్తుంటారు గానీ అది ఎవరూ లెక్కపెట్టింది కాదు, పదో వంతు ఉండొచ్చన్న ఊహ.

ఆ రాత్రి అందరినీ పీడించిన ప్రశ్న ఒక్కటే: ఇది మన ఫైళ్ళను చెరిపేస్తుందా? భయంతో చాలాచోట్ల నెట్‌వర్క్ తీగలు పీకేశారు. దాంతో విరుగుడు సమాచారం కూడా వాళ్ళకి చేరలేదు!

బర్కిలీ, ఎంఐటీల్లో వాళ్ళు నిద్ర మానుకుని దాన్ని విప్పడానికి కూర్చున్నారు. అదృష్టం ఏంటంటే, ఆ వారమే బర్కిలీలో యూనిక్స్ నిపుణుల వర్క్‌షాప్ ఉంది. పర్డ్యూలో యూజీన్ స్పాఫర్డ్ కూడా ఇదే పనిలో పడ్డారు. వార్మ్ తన ఫైళ్ళను మెమరీలోకి ఎక్కించుకుని డిస్క్ మీద చెరిపేసుకునేది. లోపలి మాటలు కనబడకుండా ప్రతి బైటునూ ఒకే సంఖ్యతో ఎక్స్‌ఓఆర్ చేసి ఉంచారు. ఈ రోజుల్లో మా చేతికొచ్చే వాటితో పోలిస్తే అది చిన్న తాళమే. కానీ తాళం తీశాక కూడా చదవాలి కదా.

ఇక్కడే అసలు కష్టం. "ఇది ఫైళ్ళు చెరిపేస్తుంది" అనాలంటే ఆ ఒక్క చోటు దొరికితే చాలు. "చెరిపేయదు" అనాలంటే చివరి లైను దాకా చదివి తీరాలి. వాళ్ళు చదివారు. 432 మాటల పాస్‌వర్డ్ జాబితా దొరికింది. ఫింగర్ ప్రోగ్రాంలో 512 బైట్లు పట్టే చోట 536 బైట్లు కుక్కే ఎత్తు దొరికింది. మెషిన్‌లోని ఫైళ్ళను నాశనం చేసే కోడ్ మాత్రం లేదు.

మరి మెషిన్లు ఎందుకు కూలాయి? ఒకేచోట రెండు కాపీలు ఎదురైతే ఒకటి తప్పుకునే ఏర్పాటు ఉంది. కానీ ఏడింటిలో ఒకటి అసలు తప్పుకోదు. "ఇక్కడ ఇప్పటికే ఉంది" అని ఎవరైనా అబద్ధం చెప్పి ఆపేస్తారేమోనని రాసినవాడు పెట్టుకున్న జాగ్రత్త అది. ఆ ఏడో వంతే కొంప ముంచింది.

ఇంకో వింత. అప్పుడప్పుడు బర్కిలీలోని ఎర్నీ అనే మెషిన్‌కి ఒక్క బైటు పంపాలని కోడ్‌లో ఉంది. సాకెట్‌ను తప్పుగా తెరవడంతో అది ఎన్నడూ వెళ్ళలేదు. ఎంత దూరం పాకిందో లెక్కపెట్టుకోవడానికా, అనుమానాన్ని బర్కిలీ మీదికి తోయడానికా? కోడ్ చెప్పదు. ఏం చేస్తుందో చెబుతుంది గానీ, ఎందుకో చెప్పదు. నా అనుభవంలో పై అధికారులు ఎప్పుడూ అడిగేది మాత్రం ఆ రెండోదే!

రాసింది కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్. 1990లో 3 ఏళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. నష్టం చేయాలన్న ఉద్దేశం తనకు లేదని అప్పీలు చేసుకున్నాడు. అనుమతి లేకుండా చొరబడాలన్న ఉద్దేశం ఉంటే చాలు, నష్టం చేయాలన్న ఉద్దేశాన్ని విడిగా రుజువు చేయనక్కర్లేదని 1991లో అప్పీలు కోర్టు తేల్చింది.