తొలియేటి గోష్ఠి

పొన్నూరు చుట్టుపట్ల పల్లెలనుండి తెలుగున చదివి గుంటూరు, బాపట్ల కళాశాలలకు బోవు పిల్లలలో కొందరు తొలియేటనే చదువు విడిచి యింటికి మరలుచున్నారు. బుద్ధిమాంద్యమే కారణమని పెద్దలందురు, మేమందుల కొప్పము. ఆంగ్లపాఠము చెవిని బడును గాని మనసున కెక్కదు, అడుగుటకు బిడియము.

అమెరికాలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయమున 1970లో విద్యార్థులు తిరుగబడగా, అధ్యక్షుడు టామస్ జోన్సు కారణమును వెదకి, 1972లో ‘యూనివర్సిటీ 101’ అను తరగతిని నెలకొల్పెను. అందు కొలదిమంది విద్యార్థులు ఒక యధ్యాపకునితో అర్ధసంవత్సరము కూర్చుండి చదువు తీరును, ప్రశ్నించు తీరును నేర్తురు.

మనదేశమున అఖిలభారత సాంకేతిక విద్యామండలి 2017లో మూడువారముల ప్రవేశ కార్యక్రమమును, యూజీసీ 2019లో ‘దీక్షారంభము’ను ప్రకటించినవి. పేరు సొగసైనదే! గాని మూడువారములలో బిడియము తీరునా? వారమున కొక గంటయైన, తెలుగున నడుగనిచ్చు గోష్ఠిని ఏడాదిపొడుగున నడుపుడని మన కళాశాలల నర్థించుచున్నాము.