పాత భవంతి ఇండ్లలో చలికాలపు వెచ్చదనం: స్టేషన్ ఘన్‌పూర్ – జనగామ ప్రాంతం

స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, పాలకుర్తి పల్లెల్లో పాత ఇండ్లను ముఖ్యంగా ఎండాకాలాన్ని తలచుకొని కట్టారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగినా అవే ఇండ్లు మనుషులను కాపాడాయి. ఇందులో ఎక్కువ పాలు గోడలదే. పగటి వేడి అడుగు మందం మట్టిగోడను దాటడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. మధ్యాహ్నం పీల్చుకున్న వేడిని గోడ రాత్రిపూట అర్రలోకి వదులుతుంది.

ఉన్నవాళ్లవి భవంతులు: నాలుగు దిక్కులా అర్రలు, నడుమ పైకప్పు లేని వాకిలి. డిసెంబరు చివర ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు దాటడు. వేసవిలో వాకిట్లోనే నిలిచిపోయే ఎండ అప్పుడు ఉత్తరపు వసారా లోపలిదాకా వాలుతుంది. ముసలివాళ్లకు, బాలింతలకు పగటి చోటు అదే.

విసునూరు వంటి ఊళ్ల గడీలలో ఈ వెచ్చదనమంతా దొరలకే. ఆ గోడలు లేపింది వెట్టిమనుషులైతే, వాళ్ల గుడిసెలకు మిగిలింది చలిమంట, గొంగడి. దక్కని గొర్రెల నల్ల ఉన్నిని వడికి, చింతగింజల గంజి పట్టించి కురుమలు నేసే గొంగడి పక్కబట్ట, కప్పుకునే బట్ట, వానకు గొడుగు కూడా. ఇటీవలి దశాబ్దాల్లో మాంసం కోసం నెల్లూరు జాతి గొర్రెలు పెరిగాయి. దాంతో ఉన్ని తగ్గింది, మగ్గాలూ తగ్గాయి.

స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా సాగే సికింద్రాబాద్–బెజవాడ రైలుదారి 1889లో పూర్తయింది. రైలు వచ్చాక, పేడతో అలికిన మట్టినేల ఉన్నచోట క్రమంగా షాబాదు బండలు పరిచారు. బండ పాదంలోని వేడిని తొందరగా లాగేస్తుంది, అందుకే చలికాలంలో జంపఖానా తప్పనిసరి అయింది. దానికి వరంగల్ దాటి పోనక్కరలేదు: 1851 లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు కనిపించాయి, ఆ ఊరి కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇప్పటి మరమ్మతులే ఈ ఇండ్లకు ఎక్కువ కీడు చేస్తున్నాయి. మట్టిగోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. చెమ్మగిల్లిన గోడ వేడిని నిలపలేదు. సున్నపు పూతే సరైనది. పెంకుల సందుల్లోంచి వెచ్చని గాలి జారకుండా దూలాల కింద చెక్కపలకలు బిగించవచ్చు, తలుపులకు మందపాటి తెరలు కట్టవచ్చు. వాకిలిపైన రేకులు వేస్తే మాత్రం పగటి ఎండ మొత్తం పోతుంది. తలుపులు మూసిన అర్రలో బొగ్గుల కుంపటి పెట్టకూడదు: దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.